ఎదురింటివాళ్ల సంతకం

మా వీధిలో రోడ్డుకి అడ్డంగా పందిరి వెయ్యడానికి ఎవరూ ఎవర్నీ అడిగేవాళ్లు కాదు. చెప్పేవాళ్లు, అంతే. "రేపు మా ఇంట్లో కార్యం, మీ గుమ్మం ముందు రాట పడుతుంది" అని ఒక మాట చెబితే, "పడనియ్యండి, దానికేముంది" అని అవతలివాళ్లు తమ సైకిలు లోపల పెట్టుకునేవాళ్లు. మునిసిపాలిటీకి కుళాయితోనూ చెత్త బండితోనూ సంబంధం ఉంటుంది గానీ పందిరితో కూడా ఉంటుందని మాలో ఎవరికీ తట్టలేదు. ఒకరు అన్న మాటకి నాకు తట్టింది. గొడవంతా అక్కడే మొదలైంది.

నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. స్థానిక సంస్థల పాఠం వచ్చిందంటే నాకు ఎక్కడలేని హుషారు. "పౌరుల బాధ్యతలు" అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీస్తాను. ఇంట్లో కూడా అంతే. బండి తాళం మేకుకి తగిలించకుండా టీవీ మీద పడేస్తే ఊరుకోలేను. మావారు బ్యాంకులో గుమాస్తా, నెమ్మదస్తుడు. "మీ అమ్మగారు నిన్ను కనలేదే, ప్రెస్సులో అచ్చు వేయించారు" అంటారు. ఇన్నాళ్లూ ఆ మాటని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

మాది గోదావరి గట్టు దిగువన ఉన్న చిన్న వీధి. ఇటువైపు ఇళ్లన్నీ మా చర్చివాళ్లవి, లూథరన్లం. టీచర్లు, గుమాస్తాలు, ఒకరిద్దరు నర్సులు. అటువైపు ఇళ్లన్నీ ఏటి మీద వేట చేసుకునేవాళ్లవి. మా గుమ్మానికి సరిగ్గా ఎదురుగా పిన్ని ఇల్లు. చుట్టరికం ఏమీ లేదు. నేను కొత్తకోడలిగా వచ్చిన మర్నాడు చీరమేను చిట్టిచేపల గిన్నె పట్టుకొచ్చి, "ఏవమ్మాయ్, వండటం వచ్చా, నేను చెప్పనా?" అని తిన్నగా వంటింట్లోకి వచ్చేసింది. ఆ రోజు నుంచి ఆవిడ నాకు పిన్ని, నేను ఆవిడకి అమ్మాయిని. ఉద్యోగం వచ్చి ఊరంతా నన్ను మేడంగారూ అంటున్నా ఆవిడ పిలుపు మారలేదు.

ఉదయం మార్కెట్లో చేపలమ్మి, తిరిగొచ్చేటప్పుడు మా గేటు తీసుకుని సందులోంచి పెరటి గుమ్మానికి వచ్చేది. మిగిలిన చేపలుంటే బాగుచేసి ఇచ్చేది. లేకపోతే ఊరికే కూర్చుని, కాఫీ తాగి వెళ్లేది. గేటు మాత్రం ఎప్పుడూ వేసేది కాదు. మేకలొచ్చి నా బచ్చలి పాదు మేసిపోయేవి. "పిన్నీ, గేటు!" అని నేను అరవడం, "వచ్చి వేసుకోవే, నీ ఇల్లే కదా" అని ఆవిడ రోడ్డు దాటేయడం. ముప్ఫై ఏళ్లు ఆ గేటు నేనే సణుక్కుంటూ వేశాను.

రాటల సంగతి చెప్పాలి. మా పెళ్లినాటికి ఆ వీధి గ్రావెల్ రోడ్డే. రిసెప్షన్ పందిరికి గునపం దింపితే కుళాయి గొట్టం పగిలి, నీళ్లు టెంటు గుడ్డ దాకా చిమ్మాయి. దారంతా బురద. నేను కొత్త చెప్పులు చేత్తో పట్టుకుని అత్తవారింట్లో అడుగుపెట్టాను. పిన్ని భర్త, అంటే బాబాయి, ఆ బురదలో మోకాళ్ల మీద కూర్చుని పాత సైకిలు ట్యూబు గొట్టానికి చుట్టి నీళ్లు ఆపాడు. నా పెళ్లి ఫోటోల్లో ఒకదాంట్లో ఆయన వీపు ఉంది.

కొన్నేళ్లకి సిమెంటు రోడ్డు వచ్చింది. వీధంతా సంబరపడింది గానీ బాబాయికి ఒకటే బెంగ, ఇక రాటలు ఎక్కడ పాతుతామని. రోడ్డు పోసే రోజు వేటకి వెళ్లడం మానేశాడు. పాత బోరు గొట్టాన్ని మూరెడేసి ముక్కలు కోయించి తెచ్చి, మేస్త్రీని బతిమాలి, తడి సిమెంట్లో నిలువుగా దింపించాడు. మా గుమ్మానికి అటొకటి, ఇటొకటి. వాళ్ల గుమ్మానికి అటొకటి, ఇటొకటి. సిమెంటు గట్టిపడేదాకా ఎండలో పక్కనే నిలబడ్డాడు. గొట్టాల్లో చెత్త పడకుండా కొబ్బరి డొక్కలు చెక్కి బిరడాల్లా దిగ్గొట్టాడు. అప్పట్నుంచి మా వీధిలో పందిరంటే చిటికెలో పని. డొక్క తియ్యడం, రాట దింపడం.

మా పెద్దాడి బాప్తిస్మానికి వేసిన పందిరి ఆ గుంటల్లోనే నిలబడింది. మా అత్తగారి జ్ఞాపకార్థ కూడికకీ అంతే. పిన్ని ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లకి పసుపు రాసి మామిడాకులు కట్టిన పెళ్లిరాట వాళ్ల గుమ్మం కుడిపక్క గుంటలో దింపారు. వాళ్లింటికి వాకిలంటే రోడ్డే మరి, అరుగు దిగితే రోడ్డు. బాబాయి పోయినప్పుడు ఆయన్ని పడుకోబెట్టిందీ ఆ రాటల మధ్యే. ఆ రోజు కుర్చీలు మా చర్చి నుంచి వచ్చాయి.

ఇక సెమీ క్రిస్మస్. డిసెంబరు రాగానే మావాళ్లు వీధి వీధికీ ఒక సాయంత్రం పందిరి వేసి, స్టార్ కట్టి, పిల్లల చేత డాన్సులు వేయించి, పాస్టరుగారి చేత వాక్యం చెప్పించి, కేకు కోసి భోజనాలు పెడతారు. మా వీధిలో అయితే ముందు వరస కుర్చీలు అటువైపువాళ్లవే. కరెంటు పిన్ని ఇంట్లోంచి వచ్చేది. క్రీస్తు పుట్టుక నాటికలో వాళ్ల పిల్లలు గొర్రెల కాపరులయ్యేవాళ్లు. వాళ్ల అమ్మవారి సంబరానికి మావాళ్లు వంటపాత్రలూ కుర్చీలూ మోసేవాళ్లు. ఇదంతా మతసామరస్యం అని నేను పిల్లలకి నోట్సు చెప్పానే గానీ, మా వీధిలో ఎవరూ దానికా పేరు పెట్టలేదు.

అంతకు ముందు ఏడాది ఇంకో వీధిలో సెమీ క్రిస్మస్ జరుగుతుంటే ఎవరో ఫోన్ చేశారట, పోలీసులొచ్చి మైకు ఆపించారు. దేవదూత రెక్కలు కట్టుకున్న పిల్లలు డాన్సు మధ్యలో అలాగే నిలబడిపోయారట. దాంతో పాస్టరుగారు ఈసారి ప్రతి వీధివాళ్లూ మునిసిపాలిటీ పర్మిషన్ తీసుకుంటే మంచిదన్నారు. చర్చిలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను చెయ్యెత్తాను. పాస్టరుగారు చూసి, నవ్వి, తలూపాక కూడా ఇంకాసేపు ఎత్తే ఉంచాను, వెనక వరసలవాళ్లకి కనబడాలి కదా. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు కుంచించుకుపోతుంది.

వార్డు సచివాలయంలో కూర్చున్న అమ్మాయి నా దగ్గర చదువుకున్నదే. నన్ను చూడగానే లేచి నిలబడింది. అర్జీ, పందిరి ఎక్కడ వేస్తారో చూపించే స్కెచ్, మైకుకి పోలీసులకి వేరే అర్జీ, లైట్లకి టెంపరరీ కనెక్షన్, ఇరుగుపొరుగువాళ్లు అభ్యంతరం లేదని పెట్టిన సంతకాలు, ఇలా చదివి, "ఇవన్నీ ఎవరూ పెట్టరండి మేడం. ఒక అర్జీ రాసిచ్చేయండి చాలు, నేను పైకి పంపేస్తాను" అంది.

"రూల్లో ఉందా, లేదా?" అన్నాను.

"ఉందండి."

"ఉంటే పెట్టాలి."

ఆ పిల్ల తల వంచుకుని "అలాగేనండి" అంది. క్లాసులో కూడా అలాగే అనేది. బయటికొస్తుంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. వీధి పనికి వెళ్లి పాఠం చెప్పి వచ్చాను.

ఆ సాయంత్రమే సంతకాలకి బయల్దేరాను. ముందు ఎదురిల్లు. పిన్ని అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తోంది. నేను వాళ్లింటికి కాగితం పట్టుకుని వెళ్లడం అదే మొదటిసారి. ఆవిడకి అదేదో తమాషాగా అనిపించి, "ఏంటమ్మాయ్, జనాభా లెక్కలా?" అంది.

"కాదు పిన్నీ, సెమీ క్రిస్మస్‌కి. పందిరి వేస్తే మీకు అభ్యంతరం లేదని సంతకం కావాలి."

"అభ్యంతరమా? ఎవరికి?"

"మీకే. అంటే, ఇబ్బంది లేదని."

"నాకు ఇబ్బందేంటే?" అంది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "ఇబ్బందని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు పిన్నీ. ఊరికే రాసివ్వాలి, రూలు."

"అనకుండానే అనలేదని రాసివ్వాలా?"

నేను నవ్వేసి, చేతిసంచీలోంచి స్టాంపు ప్యాడ్ తీసి మూత తెరిచాను. వేలిముద్రకి. ముందే ఆలోచించి స్కూలు నుంచి తెచ్చుకున్నాను, అంత ముందుచూపు నాది. పిన్ని ఆ ప్యాడ్ వంక చూసింది. వల పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, "పెన్ను లేదా?" అని అడిగింది. ఆవిడ డ్వాక్రా గ్రూపుకి లీడరుగా చేసింది. బ్యాంకులో మావారి కౌంటరు దగ్గరే నిలబడి సంతకాలు పెట్టేది. ఆ సంగతి ఆయన ఇంటికొచ్చి ఎన్నోసార్లు చెప్పారు కూడా. నా కళ్లకి మాత్రం చేపల బుట్ట తప్ప ఇంకేమీ కనబడలేదన్నమాట.

ఇంటిపేరుతో సహా పూర్తి సంతకం పెట్టింది. నేను ప్యాడ్ మూత వేస్తుంటే అది సరిగ్గా పడలేదు, వేళ్లకి సిరా అంటింది. పిన్ని నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు. మిగతా ఇళ్లకి వెళ్లాలన్న తొందరలో ఉన్నాను.

స్కెచ్ దగ్గర ఇంకా విజృంభించాను. చార్టు పేపరు మీద స్కేలుతో వీధి గీసి, మా వైపు ఇళ్లకో రంగు, అటువైపు ఇళ్లకో రంగు వేసి, మూలలో ఉత్తర దిక్కు బాణం కూడా పెట్టాను. రాటల చోట నాలుగు ఎర్ర చుక్కలు. అర్జీలో ఒక వాక్యం రాశాను, రాసి రెండుసార్లు పైకి చదువుకున్నాను: "రోడ్డుకు ఎటువంటి నష్టం కలగదు, ఇదివరకే సిమెంటులో అమర్చియున్న ఇనుప గొట్టములలోనే రాటలు నిలుపబడును." మావారు కాఫీ తాగుతూ విని, "అవన్నీ వాళ్లకెందుకే?" అన్నారు. నిజం రాయడానికి భయమెందుకన్నాను. ఆయన మళ్లీ పేపర్లో తలదూర్చారు.

ఆ వారంలోనే మునిసిపాలిటీ నుంచి ఒకాయన చూడటానికొచ్చారు. "మ్యాప్ చాలా బాగా వేశారు మేడం, మా డ్రాఫ్ట్స్‌మన్ కూడా ఇలా వెయ్యడు" అన్నారు. నేను ఉబ్బితబ్బిబ్బయి టీ పెట్టిచ్చాను. ఆయన గ్లాసు పట్టుకునే వీధిలోకి నడిచి, కాలితో కొబ్బరి డొక్క కదిపి, "ఇవి ఎవరు పెట్టారండి?" అని అడిగారు. మామూలుగానే అడిగారు.

"మా ఎదురింటి బాబాయిగారు" అన్నాను. ఆయన ఎంత తెలివిగా ఆలోచించారో, మేస్త్రీని ఎలా బతిమాలుకున్నారో, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన్ని పొగుడుతున్నాననే అనుకున్నాను. ఆ వచ్చినాయన "అలాగాండి" అంటూ నోట్ చేసుకున్నారు. ఎదురింటి అరుగు మీద పిన్ని లేచి నిలబడి మా ఇద్దర్నీ చూస్తోంది. నేను చెయ్యూపాను.

రెండు రోజుల్లో పర్మిషన్ వచ్చింది. నా ఫోన్‌కి మెసేజ్ వస్తే స్టాఫ్ రూమ్‌లో అందరికీ చూపించాను. ఆ మర్నాడు సాయంత్రం స్కూలు నుంచి వచ్చి వీధి మలుపు తిరిగేసరికి పిన్ని ఎండలో, రోడ్డు మీద, పీట వేసుకుని కూర్చుని ఉంది. వాళ్ల గుమ్మం కుడిపక్క గుంట దగ్గర. గుంట లేదు. దాని చోట తడి సిమెంటు, తాపీతో నున్నగా రుద్ది ఉంది. మిగతా మూడూ అంతే. డొక్కలు మురుగు కాలవ పక్కన పడున్నాయి.

"ఏంటి పిన్నీ ఇది?" అన్నాను.

"మునిసిపాలిటీ వాళ్లొచ్చి పూడ్చేశారమ్మా. రోడ్డులో అలాంటివి ఉండకూడదంట. ఎవరో రాసిచ్చారంట."

ఆ "ఎవరో" అన్నప్పుడు ఆవిడ నా వంక చూడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

"మరి నువ్వెందుకు ఎండలో కూర్చున్నావు?"

"పిల్లలు తొక్కకుండా చూడమని చెప్పి వెళ్లారు. ఆరేదాకా."

బాబాయి ఆ గొట్టాలు వంగకుండా నిలబడ్డదీ అక్కడే. ఈవిడ వాటిని పూడ్చిన సిమెంటుకి కాపలా కూర్చుంది. నేను కాసేపు ఆ పక్కన నిలబడ్డాను. సంచీలో దిద్దాల్సిన పేపర్లు బరువుగా ఉన్నాయి. తలుపు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. వెళ్లాక కిటికీలోంచి చూశాను. ఆవిడ చీకటి పడేదాకా లేవలేదు.

మావారికి చెబితే పేపరు మడిచి పక్కన పెట్టారు. "వెళ్లి క్షమించమని అడుగు" అన్నారు. "పూడ్చమని నేను చెప్పానా? నేను ఉన్న సంగతి రాశాను" అన్నాను. అన్నాక ఆ మాట నాకే అసహ్యమేసింది. ఏదైనా తప్పు పట్టుబడితే మా క్లాసులో పిల్లలు సరిగ్గా ఇలాగే మాట్లాడతారు.

మర్నాడు పొద్దున్నే సచివాలయానికి పరిగెత్తాను. ఆ అమ్మాయి ఆన్‌లైన్లో చూసి, "అది ఇంజనీరింగ్ వాళ్ల ఆర్డరండి మేడం. రోడ్డు మళ్లీ తవ్వాలంటే వేరే పర్మిషన్, అది ఇళ్ల ఫంక్షన్లకి ఇవ్వరండి" అంది. కాస్త ఆగి, చిన్న గొంతుతో, "ఇన్నాళ్లూ ఎవరూ పైకి చెప్పలేదు కాబట్టి ఉన్నాయండి" అంది. నా చేత మార్కులు వేయించుకున్న పిల్ల.

అక్కణ్ణుంచి తిన్నగా పిన్ని దగ్గరికి వెళ్లాను. చేపల బుట్ట కడుగుతోంది. "తప్పయిపోయింది పిన్నీ. నాకు తెలీదు ఇలా చేస్తారని" అన్నాను.

"పోన్లే అమ్మా. గుంటలే కదా" అంది బుట్ట మీంచి కళ్లెత్తకుండా.

"నేను కమిషనరుగారికి అర్జీ పెడతాను. బాబాయి గుర్తుగా అయినా ఒక్కటి, మీ గుమ్మం దగ్గరది..."

ఆవిడ చటుక్కున తలెత్తింది. "వద్దమ్మా. నువ్వింకేం రాయకు" అంది. కోపంగా అనలేదు, భయంగా అంది. పిన్ని నాకు భయపడుతుందని ఆ క్షణం దాకా నేను ఎన్నడూ అనుకోలేదు.

పిన్ని పెద్ద మనవరాలికి పెళ్లిచూపులు అయ్యాయని, మాఘంలో ముహూర్తాలు చూస్తున్నారని నాకు తెలుసు. ఆ పిల్ల బాబాయి చంకలో పెరిగింది. తల్లికీ, పిన్నమ్మకీ పడినచోటే ఈ పిల్లకీ పెళ్లిరాట పడాలని పిన్ని ఏడాదిగా మా పెరట్లో కూర్చుని చెబుతూనే ఉంది. ఆ రాట చోటునే నేను ఎర్ర చుక్క పెట్టి చూపించాను.

సెమీ క్రిస్మస్ రోజు టెంటు హౌసువాళ్లు రాటలకి ఇసక నింపిన పెయింటు డబ్బాలు తెచ్చారు. ఏటి గాలికి అవి ఊగిసలాడుతుంటే, తాళ్లు కట్టడానికి చోటు కోసం వెతుక్కున్నారు. పిన్ని వాళ్ల వీధి కిటికీ తెరిచి, "ఈ ఊచలకి కట్టండి బాబూ" అంది. వాళ్లు కట్టిన ముడి నచ్చక తనే విప్పి మళ్లీ బిగించింది. తర్వాత ఎప్పట్లాగే కరెంటు వైరు చుట్ట తీసుకొచ్చి, "లాగమంటావా అమ్మాయ్?" అని అడిగింది. టెంపరరీ కనెక్షన్ అప్పటికే స్తంభం నుంచి వచ్చేసింది. "అక్కర్లేదు పిన్నీ, పర్మిషన్‌లో వాళ్లే ఇచ్చారు" అన్నాను. "అలాగా" అని ఆ చుట్ట లోపలికి పట్టుకెళ్లిపోయింది. ఉన్న కనెక్షన్ పీకి పారేసి ఆ వైరే లాగమని ఉంటే ఏం పోయేది? నాకు ఇప్పుడు తోస్తుంది.

బల్ల మీద నరసాపురం లేసు గుడ్డ పరిచి, కేకు పెట్టి, స్టార్ వెలిగించారు. పిల్లలు బాగా డాన్సు చేశారు. ముందు వరసలో పిన్నీ వాళ్లూ కూర్చున్నారు గానీ, ఈసారి గొర్రెల కాపరుల్లో వాళ్ల పిల్లలు తక్కువ. పాస్టరుగారు వాక్యం చెప్పబోయే ముందు, "ఈ వీధి మన సంఘానికంతటికీ మాదిరి. పద్ధతి ప్రకారం అన్ని అనుమతులూ తీసుకున్న మన టీచరుగారికి చప్పట్లు" అన్నారు. అందరూ కొట్టారు. నేను లేచి నమస్కారం పెట్టాలి. లేచాను. ఎదురుగా పిన్ని కూడా చప్పట్లు కొడుతోంది. మనస్ఫూర్తిగానే కొడుతోంది, అది ఇంకా ఘోరం. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కేకు ముక్కలు సర్దే నెపంతో వంటల దగ్గరికి వెళ్లిపోయాను. వాక్యం మొత్తం అక్కడే నిలబడి విన్నాను, ఏం చెప్పారో గుర్తులేదు.

ఆ తర్వాత పిన్ని మా పెరట్లోకి రావడం తగ్గింది. మానేసిందని చెప్పలేను. చేపలు మనవరాలి చేత పంపేది. నేనే కనబడినప్పుడల్లా పలకరించేదాన్ని, పలికేది. రెండు వైపులా మాటల్లో తేడా ఏమీ లేదు. పొద్దున్న గేటు మాత్రం వేసినది వేసినట్టే ఉండేది. బచ్చలి పాదు పందిరెక్కి గుబురుగా పెరిగింది. దాన్ని చూస్తే నాకు కూర వండాలనిపించేది కాదు.

మాఘం వచ్చింది. పెళ్లి కుదిరిందని, రావులపాలెం నుంచి అరటి గెలలు చెప్పారని వీధిలోవాళ్ల ద్వారా తెలిసింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుంటుంటే వీధి గేటు దగ్గర ఎవరో పిలిచారు.

"మేడంగారండీ."

స్కూలు పిల్లల తల్లి ఎవరో అనుకుని వచ్చాను. పిన్ని. గేటు బయట, చెప్పులు విడిచి నిలబడి ఉంది. ఉతికి ఇస్త్రీ చేయించిన చీర, నూనె రాసి దువ్విన తల. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు.

"అదేంటి పిన్నీ, లోపలికి రా" అన్నాను.

"పర్లేదండి, మీరు పనిలో ఉంటారు. ఒక్క నిమిషం" అంది. కవరులోంచి కాగితం జాగ్రత్తగా తీసింది. "మనవరాలి పెళ్లికి పందిరేస్తున్నామండి. సచివాలయంలో రాయించాను. రోడ్డు ముట్టుకోం అని కూడా రాసిచ్చేశాను. ఎదురిల్లు కదా, ముందు మీ సంతకం కావాలన్నారు."

వెటకారం కోసం ఆవిడ మొహమంతా వెతికాను. కోపమైనా బాగుండేది. ఏమీ లేదు. కొత్త పద్ధతి వచ్చింది, ఆవిడ నేర్చుకుంది. నేర్పించింది నేను.

"ఏమన్నా ఇబ్బందుంటే చెప్పండి మేడంగారు. పందిరి కాస్త అటు జరిపించుకుంటాం" అంది.

"నాకు ఇబ్బందేంటి పిన్నీ?" అన్నాను. ఆ మాట బయటికొచ్చాక తెలిసింది, అది ఆవిడ నాతో అన్న మాటేనని.

"ఉండదనుకోండి. అయినా అడగాలి కదండీ."

పెన్ను కోసం లోపలికి వెళ్లబోతే, "ఉందండి" అని తన జాకెట్లోంచి తీసిచ్చింది. కాగితం గేటు స్తంభం మీద పెట్టి చదివాను. అభ్యంతరం లేదు అని ఉంది. ఎక్కడ పెట్టాలో కనబడుతూనే ఉన్నా, "ఎక్కడ?" అని అడిగాను. "ఇక్కడండి" అని వేలితో చూపించింది. సంతకం పెట్టాను. నా సంతకం నాకే వేరేవాళ్లది లాగా కనబడింది.

"పెళ్లిరాట ఎక్కడ పిన్నీ?" అని అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"డబ్బాలో ఇసక పోసి నిలబెడతామండి. మీ క్రిస్మస్‌కి నిలబడింది కదా" అంది. కాగితం తీసుకుని, సిరా ఆరిందో లేదో చూసి, మడిచి కవరులో పెట్టుకుంది.

"థాంక్సండీ" అంది.

ముప్ఫై ఏళ్లలో ఆవిడ చేతి చేపలు తిన్నాను, నా పిల్లలిద్దరూ ఆవిడ అరుగు మీద అన్నాలు తిన్నారు. మా ఇద్దరి మధ్యా ఆ మాట ఎప్పుడూ రాలేదు. నేను "పిన్నీ" అని గేటు తీశాను. అప్పటికే ఆవిడ చెప్పులు వేసుకుంటోంది. పక్కింట్లో కూడా సంతకం తీసుకోవాలంది.

నేను అలాగే నిలబడి ఉంటే, తెరిచి ఉన్న గేటుని తనే దగ్గరికి లాగి, గడియ పెట్టి, సరిగ్గా పడిందో లేదో ఒకసారి కదిపి చూసి వెళ్లింది.